చట్టం మరచిపోయిన తూటా

2016 జూన్ మాసంలో కేంద్ర మంత్రివర్గంలోని ఇద్దరు సభ్యులు మనుబోతుల విషయమై బహిరంగంగా తగవు పడిన సంగతి పాఠకులు మరచి వుండరు. బీహార్‌లోని మొకామా ప్రాంతాన పంటలు పాడుచేస్తున్న మనుబోతులను రాష్ట్ర ప్రభుత్వం కాల్పించినది. కాల్చడానికి వెళ్ళినవారు మన హైదరాబాదు వారు. కొద్ది రోజులలో 250 దాకా జంతువులు నేలకూలినవని పత్రికలు వ్రాసినవి. అప్పటి మహిళా శిశు సంక్షేమ మంత్రిణి మేనకా గాంధి ఇది చంపాలన్న కోర్కె తప్ప మరొకటి కాదని పర్యావరణ శాఖపై విరుచుకుపడినారు. పర్యావరణ మంత్రి ప్రకాశ్ జవడేకర్ రాష్ట్రాలు కోరితేనే అనుమతి యిచ్చామని సమాధానం చెప్పినారు. వ్యవహారం సుప్రీంకోర్టు గడప తొక్కినది. కోర్టు నిలుపుదల ఉత్తర్వు యివ్వలేదు.

ఆ పక్షం రోజులూ రాజధానిలో జరిగిన చర్చలో అన్ని ప్రశ్నలూ వచ్చినవి. చంపవచ్చునా, చంపరాదా? కేంద్రానిదా అధికారం, రాష్ట్రానిదా? రైతు ముఖ్యమా, మృగం ముఖ్యమా? 'గాయ్' అనే మాట పేరులో వున్నంత మాత్రాన అది గోవు అవుతుందా, పేరు మార్చి 'రోజ్' అని పిలిస్తే పాపం తగ్గుతుందా అన్నంత వరకు వెళ్ళినారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడుగలేదు. చంపేది దేనితో?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. చావు నిర్ణయమైన తరువాత ఆయుధం ఏదైతేనేమి అనిపించవచ్చు. నాకూ అట్లే అనిపించేది. ఢిల్లీకి రెండు గంటల ప్రయాణ దూరంలో, హర్యానా పల్లెలో ఒక వృద్ధ రైతు ఇంటి వసారాలో కూర్చున్న సాయంత్రం నా అభిప్రాయం మారినది.

ఆయనకు ఆరెకరాల శనగ, ఆవ చేలు. తండ్రి కాలం నాటి లైసెన్సుపై ఒంటి గొట్టం పన్నెండు బోరు తుపాకి. దానిని అటకమీద నుంచి దించి, గుడ్డతో తుడిచి చూపించినాడు. తూటాలు రెండే వున్నవి. వాటిమీద 'ఎస్.జి.' అని ముద్ర. సాధారణంగా ఆకాశంలోకి పేల్చి మందను బెదరగొడతానని, ఒకే ఒకసారి మాత్రం మందమీదికే కాల్చినానని చెప్పినాడు. అది ఏ సంవత్సరమో ఆయన చెప్పలేదు, నేను అడుగలేదు. అరవై అడుగుల దూరమా అంటే, కాదు, అరవై డెబ్బది అంగలు వుంటుందన్నాడు. "రెండు మూడింటికి తగిలినట్లే వున్నది, బాబూజీ. ఒక్కటీ పడలేదు. అన్నీ పరుగెత్తినవి. నాలుగో రోజు కాలువ గట్టున వాసన వచ్చినది. పోయి చూస్తే దూడ కడుపుతో వున్న ఆడది." తరువాత ఆయన తుపాకిని తిరిగి గుడ్డలో చుట్టినాడు. ఆ తరువాత మళ్ళీ కాల్చినావా అని అడిగితే తల అడ్డంగా ఆడించినాడు. పంట పోతున్నది కదా అంటే, పోతున్నదన్నాడు.

ఆ తూటాలో ఏమున్నదో కొంచెం వివరంగా చెప్పక తప్పదు. తుపాకులలో ప్రధానంగా రెండు జాతులు. రైఫిల్ గొట్టం లోపల మరచుట్లు వుంటవి. వాటివల్ల ఒకే గుండు గిరగిర తిరుగుతూ, గురి తప్పక చాలా దూరం పోతుంది. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా వుంటుంది. దాని తూటాలో ఒక గుండుకు బదులు అనేకమైన సీసపు గుళ్ళు వుంటవి. పిట్టలకు ఆవగింజంత గుళ్ళు వందల కొలది, పెద్ద జంతువులకు శనగగింజను మించిన గుళ్ళు కొద్దిగా. ఈ పెద్ద గుళ్ళ తూటానే ఇంగ్లీషువారు బక్‌షాట్ అంటారు. 'బక్' అంటే మగ జింక. పేరులోనే దాని ఉద్దేశం వున్నది. మన దేశంలో ఎస్.జి., ఎల్.జి. అని అమ్మేవి ఈ రకమే. ఎస్.జి.లో ఎనిమిది తొమ్మిది గుళ్ళు వుంటవి, ఒక్కొక్కటి మూడున్నర గ్రాముల బరువు. ఎల్.జి.లో ఇంకా పెద్దవి, ఇంకా తక్కువ. వీటిని తయారు చేసేది కూడా ప్రభుత్వమే. పూనా పక్కన ఖడ్కీలోని మందుగుండు కర్మాగారం దశాబ్దాలుగా పన్నెండు బోరు తూటాలు చేస్తున్నది. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి కంపెనీలుగా విడగొట్టినపుడు అది మ్యునిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చినది.

ఇక లెక్క. గొట్టం వదలిన గుళ్ళు గజం దూరానికి సుమారు అంగుళం చొప్పున చెదురుతవని తుపాకులు ఎరిగినవారి మోటు లెక్క. అంటే నలభై గజాల వద్ద తొమ్మిది గుళ్ళు నలభై అంగుళాల వెడల్పు వలయంలో పరచుకుంటవి. దుప్పికి గుండె, ఊపిరితిత్తులు వున్న చోటు జానెడు మీద కొంచెం, పది అంగుళాలు అనుకుందాము. వలయంలో అది పదహారో వంతు. తొమ్మిది గుళ్ళను పదహారుచేత భాగిస్తే ఒకటి కూడా రాదు. గుళ్ళు సమంగా చెదరవు, నడుమ చిక్కగా వుంటవన్నది నిజమే. గొట్టం కొసను ఇరుకు చేసి చెదరుడు తగ్గించవచ్చునన్నదీ నిజమే. అయినా గుండెకు ఒకటి, కడుపులోకి రెండు, తొడకు ఒకటి, దవడకు ఒకటి అన్న పంపకం తప్పదు. ఇరవై గజాలలో ఇదే తూటా భయంకరమైన ఆయుధం. వేటు తగిలిన దుప్పి అక్కడికక్కడే కూలుతుంది. నలభై దాటితే అది లాటరీ చీటీ. డెబ్బది అంగల దూరాన, రెండు వందల కిలోలు దాటిన మనుబోతు మీద, గుండ్రని సీసపు గుళ్ళు వేగం సన్నగిల్లి, తోలు చీల్చుకొని కండలో నిలిచిపోతవి. ప్రాణం తీయవు. చీము పట్టించి, నాలుగు రోజులు తిప్పి, కాలువ గట్టున పడవేస్తవి.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియదా? తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన సంగతి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రాజ్యాంగం 252వ అధికరణం కింద, పదకొండు రాష్ట్రాల శాసనసభల తీర్మానాల మీద పార్లమెంటు చేసినది. ఆ పదకొండు పేర్లలో మొదటిది ఆంధ్రప్రదేశ్. అక్షరక్రమం మహిమే అనుకోండి, అయినా చెప్పుకోవలసిన మాట. ఆ చట్టం వేటను పూర్తిగా నిషేధించలేదు. కొన్ని జాతులను ముట్టరాదన్నది. మిగిలినవాటిని ప్రత్యేక వేట జంతువులు, పెద్ద వేట జంతువులు, చిన్న వేట జంతువులు అని షెడ్యూళ్ళుగా విడదీసి లైసెన్సు పెట్టినది. దుప్పి, కణుజు, మనుబోతు పెద్ద వేట జంతువుల పట్టికలో వుండేవి. ఎట్లా వేటాడాలో 17వ సెక్షను చెప్పినది. మోటారు బండి మీద నుంచి కాల్చరాదు. సూర్యాస్తమయం తరువాత కాల్చరాదు. దీపం వేసి కళ్ళు చెదరగొట్టరాదు. నీటి మడుగు దగ్గర, ఉప్పు నేలల దగ్గర పొంచివుండరాదు. వాటితోపాటు ఒక ఖండం వున్నది: ప్రత్యేక వేట జంతువులనుగాని పెద్ద వేట జంతువులనుగాని రైఫిల్‌తో తప్ప కాల్చరాదు, లైసెన్సులో ప్రత్యేకంగా అనుమతి వుంటే షాట్‌గన్ వాడవచ్చును, కాని అందులో ఒకే గుండు వుండే తూటా వేయాలి.

అంటే 1972లోనే భారత శాసనం దుప్పి మీద, మనుబోతు మీద బక్‌షాట్ ప్రయోగించరాదని స్పష్టంగా పలికినది. పెద్ద జంతువుకు ఒక గుండు, ఒక గురి, ఒక చావు అన్నది దాని సూత్రం.

ఈ నిబంధన వంశవృక్షం అంత పవిత్రమైనది కాదని నేను ఒప్పుకుంటాను. దొరల కాలంలో షికారు క్లబ్బులలో పుట్టిన మర్యాద అది. రైఫిల్ పట్టినవాడు క్రీడాకారుడు, నాటు తుపాకి పట్టినవాడు దొంగ అన్న వర్గభేదం అందులో వున్నది. మహారాజులు, కలెక్టర్లు ఏనుగు అంబారీల మీద నుంచి రోజుకు పదుల కొలది జంతువులను కూల్చుతూ, మడుగు దగ్గర తిండికోసం ఒక జింకను కొట్టిన గిరిజనుణ్ణి జైలుకు పంపిన చరిత్ర మనకు తెలియనిది కాదు. స్వరాజ్యం వచ్చిన తరువాత ఆ మర్యాద కూడా పోయి, యుద్ధకాలపు జీపులు, దీపాలు, ధారాళంగా యిచ్చిన పంటరక్షణ లైసెన్సులు కలిసి మైదానాలలోని కృష్ణజింకలను ఊడ్చిపెట్టినపుడు ప్రకృతి పరిశీలకులు మొత్తుకున్నారు. ఆ మొత్తుకోళ్ళ ఫలితమే 17వ సెక్షను. పుట్టుక ఏదైనా, జంతువును గాయపరచి వదలరాదన్న న్యాయం దొరలది అయినంత మాత్రాన అన్యాయం కాజాలదు.

1991లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించినది. వేట లైసెన్సుల వ్యవస్థ మొత్తం రద్దయినది. 14 నుంచి 17 వరకు సెక్షన్లను తొలగించినారు. లైసెన్సు వేట లేనపుడు దానిని ఎట్లా చేయాలో చెప్పే సెక్షను ఎందుకు అన్నది తర్కం. ఆ రోజున అది తప్పు పట్టరాని తర్కమే. ఇంటి తలుపు మూసివేసినపుడు గడప పీకివేసినా నష్టం లేదు కదా!

అయితే పెరటి తలుపు తెరచే వున్నది. 11వ సెక్షను ప్రకారం ప్రాణానికిగాని, ఆస్తికిగాని, నిలువు పైరుకుగాని ప్రమాదకరమైన జంతువును, అది మొదటి షెడ్యూలులోనిది కాకపోతే, చంపడానికి వన్యప్రాణి ప్రధాన సంరక్షకుడు, ఆయన అధికారమిచ్చిన అధికారి వ్రాతపూర్వకంగా అనుమతించవచ్చును. 62వ సెక్షను ప్రకారం కేంద్రం ఒక జాతిని నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చును. 2015 డిసెంబరులో బీహార్ మనుబోతులకు, అడవిపందులకు, ఆ తరువాత కొద్ది నెలలలో ఉత్తరాఖండ్ అడవిపందులకు, హిమాచల్ కోతులకు ఈ ప్రకటనలే వెలువడినవి. 2022 సవరణ షెడ్యూళ్ళను తిరగవ్రాసి, హానికర జంతువుల విడి షెడ్యూలును ఎత్తివేసినది. కాని 62వ సెక్షను అధికారాన్ని రెండవ షెడ్యూలు జంతువుల విషయంలో నిలిపినది. కేరళ 2022లో అడవిపందులను కాల్పించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతికి యిచ్చినది. 2025లో ఆ రాష్ట్ర శాసనసభ ఇంకా ముందుకు వెళ్ళి కేంద్ర చట్టానికే సవరణ బిల్లు ఆమోదించినది. అదే సంవత్సరం మొదట్లో హర్యానా ప్రభుత్వం మగ మనుబోతులను కాల్చడానికి వీలిచ్చే నియమాలకు సిద్ధపడగా బిష్ణోయీలు వీధిలోకి వచ్చినారు.

చంపడం తిరిగి వచ్చినది. ఎట్లా చంపాలో చెప్పే ఖండం మాత్రం తిరిగి రాలేదు. నేటి చట్టంలో ఎవరు అనుమతించాలో వున్నది, ఏ జంతువో వున్నది, ఏ ప్రాంతమో వున్నది. ఏ ఆయుధంతో అన్న మాట లేదు. ఏ రాష్ట్రమైనా తన ఉత్తర్వులో రెండు వాక్యాలు చేర్చితే సరే. చేర్చకపోతే అడిగేవాడు లేడు.

హర్యానా 'మగవాటిని మాత్రమే' అన్న షరతును ఒక క్షణం పరిశీలించండి. మనుబోతులలో మగది నీలి బూడిద రంగు, ఆడది గోధుమ రంగు. కంటికి తేడా తెలుస్తుంది. రైఫిల్ చేతిలో వుంటే ఆ షరతుకు అర్థం వున్నది. మందమీద బక్‌షాట్ పేల్చినవాడి చేతిలో ఆ షరతు కాగితం ముక్క. మీటరు వెడల్పున చెదరే గుళ్ళు పక్కన నిలిచినది ఆడదా మగదా అని విచారించవు. నేను చూచిన వృద్ధుని కాలువ గట్టు అందుకు సాక్ష్యం.

మరి రైతు చేతిలో వున్నదేమిటి? ఇక్కడ మన శాసనాల విచిత్రం బయటపడుతుంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను చదివితే, పంటరక్షణకు నిజంగా అవసరమైనవానికి నోటినుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు యివ్వాలని వున్నది. అది చాలదని అధికారికి తోస్తే నున్నని గొట్టం తుపాకి, అంటే షాట్‌గన్, యివ్వవచ్చును. రైఫిల్ మాట ఆ వాక్యంలో లేదు. ఒక చట్టం రైతుకు చెదరే గుళ్ళ తుపాకి యిచ్చినది. పదమూడేళ్ళ తరువాత వచ్చిన ఇంకొక చట్టం ఆ తుపాకితో పెద్ద జంతువును గుళ్ళతో కొట్టరాదన్నది. మరి పంతొమ్మిదేళ్ళకు ఆ రెండవ మాటను కొట్టివేసినారు. మొదటి మాట మిగిలినది. హోం శాఖ ఒక భవనంలో, పర్యావరణ శాఖ ఇంకొక భవనంలో వున్నవి. ఈ రెండు కాగితాలను ఒకే బల్లమీద పరచి చూచినవారు లేరనుకుంటాను.

అయితే అందరు రైతులకూ రైఫిళ్ళు పంచుదామా? అక్కరలేదు, అది ప్రమాదం కూడా. రైఫిల్ గుండు గురి తప్పితే మైలు దాటి పోగలదు. గంగా మైదానంలో మైలు దూరంలో ఊరు లేని చేను ఎక్కడ వున్నది? ఇటుక బట్టీ, బడి, రైలు కట్ట, నీళ్ళు కట్టే మనిషి, వీటి నడుమ రైఫిల్ పేల్చే హక్కు అనుభవంలేని వానికి యివ్వరాదు. షాట్‌గన్ గుళ్ళు త్వరగా బలహీనపడి పడిపోతవి; జనసమ్మర్దం గల నేలకు అది తగినదన్న వాదంలో బలమున్నది. అమెరికాలో ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. ఒహాయో, ఇలినాయ్ వంటి చదునైన వ్యవసాయ రాష్ట్రాలు జింక వేటలో మామూలు రైఫిళ్ళను చిరకాలం దూరంగా వుంచి, షాట్‌గన్ పట్టమన్నవి. కాని అందులో గుళ్ళు గాక ఒకే బరువైన గుండు, వారు స్లగ్ అనేది, వేయమన్నవి. దక్షిణాన చిత్తడి అడవులలో కుక్కలచేత జింకను తరిమించి, పొదలోంచి దూకి పరుగెత్తేదానిని ఇరవై ముప్పై గజాలలో బక్‌షాట్‌తో కొట్టే ఆచారం నేటికీ వున్నది. దానిని సమర్థించేవారి వాదం కూడా దూరం మీదనే ఆధారపడినది: దగ్గరగా, దట్టమైన పొదలో, పరుగెత్తే జంతువుకు అదే తగినదని. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని మన శనగ చేను చిత్తడి అడవి కాదు. మనుబోతు నూరు గజాల నుంచే మనిషిని పసిగట్టి నిలుచుంటుంది.

బ్రిటన్‌లో 1963లో ఒక చట్టం, 1991లో దానిని సంస్కరించి మరొకటి చేసినారు. ఇంగ్లండు, వేల్సులలో జింకను షాట్‌గన్‌తో కొట్టరాదన్నది సాధారణ సూత్రం. పంట నష్టపోతున్న భూమి అనుభవదారుకు మాత్రం మినహాయింపు వున్నది: తుపాకి పన్నెండు బోరుకు తక్కువ కాకూడదు; తూటాలో 22.68 గ్రాములకు తగ్గని ఒకే గుండయినా వుండాలి, లేదా ఒక్కొక్కటి 5.16 మిల్లీమీటర్ల వ్యాసం గల గుళ్ళయినా వుండాలి. ఈ రెండవ వెసులుబాటు నాకు నచ్చలేదు. అంత చిన్న గుళ్ళతో జింకను కొట్టనివ్వడం మన ఎస్.జి. కంటె హీనం. కాని అక్కడి పార్లమెంటు కూర్చుని మిల్లీమీటర్లు కొలిచినది. తప్పు చేస్తే కొలిచి చేసినది. మన పార్లమెంటు కొలిచిన దానిని పారవేసినది.

మన 1972 ఖండాన్ని మరొకసారి చదవండి. ప్రత్యేక అనుమతి వుంటే షాట్‌గన్, అందులో ఒకే గుండు. రైతు చేతి తుపాకి మారనక్కరలేదు; లోపలి తూటా మారితే చాలు. జనసాంద్రత గల నేలలో రైఫిల్ ప్రమాదం తప్పుతుంది, చెదరే గుళ్ళ క్రౌర్యమూ తప్పుతుంది. నలభై యాభై గజాల లోపల, నిలిచివున్న జంతువును చూచి కాల్చితే ఆ గుండు పని ముగించుతుంది. సమాధానం మన చట్టపు పాత ప్రతిలోనే వున్నది. ఒక్క చిక్కు వున్నదని నాకు తెలుసు: ఆ రకం తూటా పల్లెటూరి లైసెన్సుదారుకు దుకాణంలో చేతికి అందాలి, అందుబాటు ధరకు అందాలి. తూటాలు చేసేది ప్రభుత్వ కంపెనీయే గనుక అది చేయలేని పని కాదు.

1972 నిబంధనలన్నిటినీ యథాతథంగా తెచ్చి పెట్టమని నేను అనడం లేదు. రాత్రి దీపం వేసి కాల్చరాదన్న నియమం వినోదపు వేటకు సరిపోయినది. పైరుమీద పడే మంద రాత్రిపూటే వస్తుంది. దీపపు వెలుగులో కదలక నిలిచిన జంతువును అనుభవజ్ఞుడు ఒకే దెబ్బతో కూల్చడం, పగలు పరుగెత్తేదాని మీద గుళ్ళు చల్లడం కంటె దయగలది. మర్యాద వేరు, దయ వేరు.

పోలీసు దృష్టితో చూచినా బక్‌షాట్‌కు ఒక 'సుగుణం' వున్నది. రైఫిల్ గుండు మీద గొట్టపు మరచుట్ల ముద్ర పడుతుంది; శవంలో దొరికిన గుండు ఏ తుపాకిదో ప్రయోగశాల చెప్పగలదు. నున్నని గొట్టం నుంచి వచ్చిన గుళ్ళ మీద అట్టి ముద్ర వుండదు. 1998 అక్టోబరులో జోధ్‌పూర్ సమీపాన కంకణీ గ్రామంలో రెండు కృష్ణజింకలు చచ్చిన కేసులో సినీనటుడు సల్మాన్ ఖాన్‌కు కింది కోర్టు శిక్ష వేయడానికి 2018 ఏప్రిల్ దాకా పట్టినది. అది బిష్ణోయీ సాక్షులు, దేశమంతటి పత్రికలు వెంటపడిన కేసు. అడగని పల్లెలో, గుళ్ళు తిని చచ్చిన దుప్పి కేసు ఎంత దూరం నడుస్తుందో ఊహించవచ్చును. అనుమతి పొందిన వేట ముసుగులో అనుమతి లేని వేట సాగకుండా చూడాలంటే ఏ గుండు ఏ తుపాకిదో తేలాలి. ఒకే గుండు తూటా నున్నని గొట్టం నుంచి వచ్చినా ఈ లోటు పూర్తిగా తీరదు. అయినా అనుమతితో పాటు లెక్కపెట్టి యిచ్చిన తూటాలు, లెక్కపెట్టి తిరిగి తీసుకున్న ఖాళీ గొట్టాలు కొంత కాపలా కాస్తవి.

అహింసావాదులు కొందరు ఈ చర్చనే సహించరు. చంపే పద్ధతి గురించి మాట్లాడడమంటే చంపడాన్ని అంగీకరించడమే అని వారి అభిప్రాయం. వారిని నేను గౌరవిస్తాను. కాని 2019లో వైశాలి జిల్లా నుంచి వచ్చిన దృశ్యాన్ని వారికి జ్ఞాపకం చేయవలసి వున్నది. బీహార్‌లో మళ్ళీ మనుబోతులను కాల్చుతున్న రోజులవి. తుపాకి దెబ్బ తిని చావక కొట్టుకుంటున్న ఒక జంతువును మట్టి తవ్వే యంత్రంతో గోతిలోకి నెట్టి, ప్రాణంతో వుండగానే మన్ను కప్పినారు. ఎవరో సెల్‌ఫోనులో చిత్రించడంవల్ల దేశం చూచినది. నాటి ఆగ్రహమంతా యంత్రం నడిపినవాని మీద, అధికారుల మీద కురిసినది. దెబ్బ తిన్న జంతువును ఏమి చేయాలో, ఎవరు వెంటాడి దాని బాధ ముగించాలో చెప్పే నియమం చట్టంలో ఎక్కడ వున్నదని అడిగినవారు తక్కువ. నేను వెదికినాను. ఆత్మరక్షణలో చంపిన, లేక గాయపరచిన జంతువు ప్రభుత్వపు ఆస్తి అని 11వ సెక్షను చెబుతుంది. గాయపడిన జంతువును గురించి ఆ సెక్షను పలికే మాట అది. ఆస్తి!

చంపకుండా తీర్చే దారులు లేవా అంటే, కొన్ని వున్నవి. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో దక్షిణాఫ్రికా నిపుణుల సాయంతో హెలికాప్టరు పెట్టి, గరాటు ఆకారపు దడులలోకి కృష్ణజింకలను, మనుబోతులను తోలి, లారీలలో అభయారణ్యాలకు చేర్చినారు. మన కృష్ణా తీరాన నారాయణపేట జిల్లా రైతులు కంది, పత్తి చేలలో పడే కృష్ణజింకలను తరలించమనే అడుగుతున్నారు. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కూడా. దానిమీద ఏ తూటా పేలరాదు, పేలకూడదు. కాని ప్రతి జిల్లాకు హెలికాప్టరు రాదు. తరలించిన మంద పోయే అడవి కూడా అపారం కాదు. కొంత చంపడం సాగుతూనే వుంటుందని ప్రభుత్వాలే ఉత్తర్వుల ద్వారా ఒప్పుకుంటున్నవి.

వన్యప్రాణుల ప్రశ్న పార్లమెంటులో వచ్చినపుడల్లా సభ్యులు నష్టపరిహారం ఎంత, ఎన్ని జంతువులు, ఎన్ని ఎకరాలు అని అడుగుతారు. మంత్రి అంకెలు చదివి కూర్చుంటారు. అనుమతి యిచ్చిన జంతువులలో ఎన్ని ఒకే దెబ్బకు పడినవి, ఎన్ని గాయంతో తప్పించుకుపోయినవి, వాటిని వెదకినారా అన్న ప్రశ్న వేస్తే మంత్రిగారి కాగితాలలో ఏమి సమాధానం దొరుకుతుందో చూడాలని వున్నది. మన తెలుగు సభ్యులలో ఎవరైనా ఒకరు అడుగవచ్చును. 252వ అధికరణం కింద ఆ చట్టాన్ని కోరినవారిలో మనమూ వున్నాము. కోరిన చట్టంలో నుంచి ఒక మంచి వాక్యం జారిపోయిందని చెప్పడానికి మనకు అధికారమున్నది.

హర్యానా రైతు దగ్గర సెలవు తీసుకుంటూ, ఒకే గుండు వుండే తూటా దొరికితే కొంటావా అని అడిగినాను. అట్టిది ఒకటి వున్నదని ఆయనకు తెలియదు. లైసెన్సు పుస్తకం తెచ్చి, ఎన్ని తూటాలు కొనవచ్చునో వ్రాసివున్న పుటను చూపించినాడు. రకం గురించి అందులో ఏమీ వ్రాసి లేదు.